ఒక్క చూపుకు ఒక్క గీత

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా మామగారు ముప్ఫయ్యేళ్లు సరుకు ఓడల్లో పనిచేసి రిటైరయ్యారు. జి.పి.ఎస్. లేని రోజుల్లో మధ్యాహ్నం పన్నెండింటికి కోణాలు కొలిచే సెక్స్‌టంట్‌తో సూర్యుణ్ణి చూసి ఓడ ఎక్కడుందో చెప్పేవాళ్లమని అంటారు. ఏ గుర్తూ కనిపించని నడిసముద్రంలో సూర్యుణ్ణి ఒక్కసారి చూస్తే అక్షాంశం, రేఖాంశం రెండూ ఎలా తెలుస్తాయి? ఆయన్ని అడిగితే "అదంతా లెక్కలమ్మా" అని నవ్వేస్తారు.
– ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: ఒక్కసారి చూస్తే రెండూ తెలియవమ్మా. మీ మామగారు చెప్పింది నిజమే గానీ, మధ్యాహ్నం పన్నెండింటి పనికి ముందు పొద్దున ఎనిమిదీ తొమ్మిది గంటల మధ్య చేసే పని మరొకటి ఉంటుంది. ఆయన దాన్ని మీకు చెప్పకుండా వదిలేసి ఉంటారు. సూర్యుణ్ణి ఒకసారి కొలిస్తే దొరికేది ఓడ ఉన్న చోటు కాదు, ఓడ ఎక్కడో ఒకచోట ఉండి తీరవలసిన ఒక గీత. ఆ గీతను మరో గీత ఖండించినప్పుడే చోటు తేలుతుంది. పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి చాలా పేజీల తరువాత వస్తుంది. నన్నడిగితే మొదట చెప్పవలసింది ఇదే. ఇది బోధపడితే మిగిలినవన్నీ కూడికలూ తీసివేతలే.

మీ ఊరి గుడి ముందున్న ధ్వజస్తంభాన్ని తలచుకోండి. దాని కొనను చూడడానికి చూపును ఎంత పైకెత్తవలసి వచ్చిందో కొలిచారు, 40 డిగ్రీలు వచ్చింది. స్తంభం ఎత్తు తెలిసినదే గనుక దాని మొదలుకు మీరెంత దూరంలో ఉన్నారో లెక్క కట్టవచ్చు. కానీ తూర్పున ఉన్నారా పడమట ఉన్నారా అన్నది ఆ కోణం చెప్పదు; స్తంభం చుట్టూ ఒక వలయం గీస్తే ఆ వలయం మీద ఎక్కడ నిలబడినా అవే 40 డిగ్రీలు. సముద్రం మీద ఆ కొన స్థానంలో సూర్యుడు ఉంటాడు. ఏ క్షణాన సూర్యుడు భూమి మీద ఏ చోటికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడో నాటికల్ అల్మనాక్ అనే పుస్తకం ఏడాది పొడవునా సెకన్ల దాకా లెక్కగట్టుకునేలా పట్టికలిస్తుంది. ఆ చోటును సూర్యుడి పాదం అందాం. మన నడినెత్తి నుంచి సూర్యుడు ఎన్ని డిగ్రీలు కిందికి ఉంటే, ఓడ ఆ పాదానికి భూమి మీద సరిగ్గా అన్ని డిగ్రీల దూరంలో ఉన్నట్టు.

డిగ్రీలో అరవయ్యో వంతును పంచాంగాల్లో కళ అంటారు. గడియారపు నిమిషాలతో తికమక రాకుండా ఇక్కడ నేనూ ఆ మాటే వాడతాను. భూమి మీద ఒక కళ దూరమే ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. అందుకే ఓడవాళ్లు కోణాన్ని మైళ్లలోకి మార్చడానికి పెన్సిలు కూడా తీయరు.

ఇప్పుడొక ఓడ ఎక్కుదాం. ఫిబ్రవరి 9వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు విశాఖపట్నం వదిలి, 15 నాట్ల (గంటకు 15 నాటికల్ మైళ్ల) వేగంతో, ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిస్తే దాదాపు 123 డిగ్రీల దిక్కున, అంటే ఆగ్నేయంగా, పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీవిజయపురం) వైపు వెళుతోందనుకోండి. మరునాడు పొద్దున ఎనిమిదిన్నర. డాల్ఫిన్స్ నోస్ కొండ కనుమరుగై చాలా గంటలైంది. వచ్చిన దిక్కు, వేగం, గడిచిన కాలం మాత్రమే పట్టుకుని చార్టు అనే సముద్రపటం మీద వేసుకున్న అంచనా చోటు 14°58′ ఉత్తరం, 87°16′ తూర్పు. గాలీ నీటివాలూ ఓడను ఎటు ఎంత తోశాయో ఆ అంచనాకు తెలియదు.

సెకండ్ ఆఫీసరు, ఓడను నడిపే బ్రిడ్జి అనే గది పక్కనున్న రెక్క మీదికి వచ్చి సెక్స్‌టంట్‌లో రంగుటద్దాలు అడ్డం వేసుకుంటారు. అవి లేకుండా సూర్యుణ్ణి చూస్తే కన్ను పోతుంది. ఆ పరికరంలోని రెండు అద్దాలు సూర్యబింబాన్ని కిందికి దించి నింగీ నీరూ కలిసే గీత మీద కూర్చోబెడతాయి. వెలుగు రెండుసార్లు పరావర్తనం చెందడం వల్ల పరికరం చాపం 60 డిగ్రీలే అయినా 120 డిగ్రీల దాకా కొలవవచ్చు. 1731లో జాన్ హ్యాడ్లీ లండన్‌లో చూపించిన పాత పరికరం ఆక్టంట్‌ది కూడా ఇదే కిటుకు. బింబాన్ని గీత దగ్గరికి తెచ్చాక సెక్స్‌టంట్‌ను ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ మెల్లగా ఊపాలి. అప్పుడు సూర్యుడు గిన్నె అడుగున దొర్లే గోళీలాగా ఒక వంపులో తిరుగుతాడు. ఆ వంపులో అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు బింబం అడుగు అంచు నీటిని ముద్దాడినట్టు ఆనితే, అదే సరైన కోణం. ఆ క్షణాన "టైమ్!" అని కేక వేస్తే లోపల గడియారం దగ్గరున్నవారు ముందు సెకన్లు, తరువాత నిమిషాలు, ఆ తరువాత గంటలు రాసుకుంటారు. ఆ వరస ఎందుకంటే సెకన్లు ఆగవు గనుక.

అది గ్రీనిచ్ కాలం (మన కాలానికి ఐదున్నర గంటలు వెనక) 2 గంటల 59 నిమిషాల 48 సెకన్లు అనుకుందాం. ఆ క్షణాన సూర్యుడి పాదం ఎక్కడుందో అల్మనాక్‌లో చూస్తే దాదాపు 14°24′ దక్షిణం, 138°37′ తూర్పు వస్తుంది. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న కార్పెంటేరియా అఖాతం అది! బంగాళాఖాతంలో ఓడ ఎక్కడుందో తెలుసుకోవడానికి అంత దూరాన నాటిన ధ్వజస్తంభాన్ని చూస్తున్నామన్నమాట. సవరణలన్నీ చేశాక సూర్యుడి ఎత్తు 31°26′ వచ్చిందనుకోండి. 90 డిగ్రీల్లోంచి తీసేస్తే 58°34′; కళలుగా మారిస్తే 3,514. అంటే ఆ అఖాతంలోని బిందువు చుట్టూ 3,514 మైళ్ల వ్యాసార్ధంతో గీసిన మహావలయం మీద ఎక్కడో మన ఓడ ఉంది.

అంత పెద్ద వలయాన్ని ఏ చార్టు మీదా గీయలేము, గీయవలసిన అవసరమూ లేదు. 1875లో మార్క్ సెంట్ ఇలేర్ అనే ఫ్రెంచి నౌకాదళాధికారి చూపిన దారి ఇప్పటికీ నడుస్తోంది. మన అంచనా చోటే నిజమైతే సూర్యుడు ఎంత ఎత్తున కనిపించి ఉండాలో ముందు లెక్క కడతాం. ఇక్కడ 31°20′ వస్తుంది. నిజంగా కనిపించింది 31°26′. ఆరు కళలు ఎక్కువ ఎత్తున కనిపించాడంటే, అనుకున్నదాని కంటే ఆరు మైళ్లు సూర్యుడి పాదానికి దగ్గరగా ఉన్నామని అర్థం. సూర్యుడున్న దిక్కు 118 డిగ్రీలు. అంచనా చోటు నుంచి ఆ దిక్కుగా ఆరు మైళ్లు కొలిచి, అక్కడ ఆ దిక్కుకు అడ్డంగా ఒక సరళరేఖ గీస్తే చాలు. వలయం అంత పెద్దది గనుక మన కళ్లముందున్న ముక్క తిన్నని గీతలాగే ఉంటుంది. ఈ ఉదాహరణలో ఓడ వెళ్లే దిక్కూ సూర్యుడి దిక్కూ దాదాపు ఒకటే కావడం వల్ల గీత మన దారికి అడ్డంగా పడింది. కాబట్టి దారి పొడవునా ఎంత దూరం వచ్చామో అది చక్కగా చెబుతుంది, దారికి ఎడమకో కుడికో జరిగామా అన్నది మాత్రం చెప్పదు. ఎనిమిదిన్నర పని ఇక్కడితో సరి. ఉన్నది ఒక్క గీత.

తరువాత మీ మామగారు చెప్పిన మధ్యాహ్నం వస్తుంది. ఓడ గడియారం ఏం చూపించినా, సూర్యుడు ఆ రోజుకు గరిష్ఠమైన ఎత్తుకు చేరి సరిగ్గా దక్షిణానికో ఉత్తరానికో వచ్చిన క్షణమే ఓడకు మధ్యాహ్నం. మన ఓడకు అది భారత కాలమానం ప్రకారం పదకొండు గంటల యాభై రెండు నిమిషాల ప్రాంతంలో వస్తుంది. అంతకు పది నిమిషాల ముందు నుంచే సెక్స్‌టంట్ పట్టుకుని నిలబడతారు. బింబం గీత నుంచి కొద్దికొద్దిగా పైకి లేస్తుంటే మరతో దించుతూ ఉంటారు. కాసేపటికి లేవడం మానేస్తుంది. ఆ తరువాత నీటిలోకి దిగబడడం మొదలైతే, చివరిగా పరికరం చూపించిన సంఖ్యే మనకు కావలసినది.

ఆ సంఖ్య 60°58.8′ అనుకుందాం. దీన్ని ఉన్నదున్నట్టు వాడకూడదు. సెక్స్‌టంట్‌కు స్వతహాగా ఉండే దోషం 1.5 కళలు ఎక్కువ చూపిస్తోంది, అది తీసేయాలి. మన కన్ను నీటికి 16 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల క్షితిజం నిజమైన అడ్డగీత కంటే 7 కళలు కిందికి కనిపిస్తుంది, అదీ తీసేయాలి. ఇప్పుడు 60°50.3′ మిగిలింది. మనం కొలిచింది బింబం అడుగు అంచును, కావలసింది కేంద్రాన్ని. ఫిబ్రవరిలో బింబం సగం వెడల్పు 16 కళల పైచిలుకు. గాలి పొరలు వెలుగును వంచి సూర్యుణ్ణి ఉన్నదానికంటే అరకళ పైగా ఎత్తి చూపిస్తాయి. ఈ రెండూ కలిపి 15.7 కళలు చేర్చమని అల్మనాక్ పట్టిక చెబుతుంది. మొత్తం 61°06′. నడినెత్తి నుంచి దూరం 28°54′. ఆ రోజు సూర్యుడి క్రాంతి, అంటే భూమధ్యరేఖకు అతడి పాదం ఎంత దూరంలో ఉందన్నది, 14°24′ దక్షిణం. సూర్యుడు మనకు దక్షిణాన 28°54′ దూరంలో ఉన్నాడు, అందులో 14°24′ భూమధ్యరేఖకు అవతలివి. మిగిలిన 14°30′ ఇవతల, మన అక్షాంశం. ఓడ భూమధ్యరేఖకు ఉత్తరాన, సూర్యుడు దక్షిణాన ఉన్నారు గనుక ఇక్కడ తీసివేత వచ్చింది. ఇద్దరూ ఒకే వైపున ఉంటే కూడికా తీసివేతా అన్నది ఇలాగే బొమ్మ గీసుకుని తేల్చుకోవాలి. సూత్రం బట్టీ పట్టినవారే ఇక్కడ తప్పులు చేయడం నేను చూశాను.

ఈ అక్షాంశం కూడా ఒక గీతే, తూర్పు పడమరలుగా పడిన గీత. పొద్దున గీసిన గీతను ఓడ ఈలోగా నడిచిన 50 మైళ్లు 123 డిగ్రీల దిక్కుగా సమాంతరంగా జరిపితే, అది ఈ అక్షాంశాన్ని 88°07′ తూర్పున ఖండిస్తుంది. మధ్యాహ్నపు చోటు 14°30′ ఉత్తరం, 88°07′ తూర్పు. బ్రిడ్జి మీద చీటీ రాసి కెప్టెన్ గారికి పంపేది ఇదే. ఒక సంగతి మరువకూడదు: పొద్దుటి గీతను జరపడానికి వాడిన 50 మైళ్లు అంచనాయే. ఆ మూడున్నర గంటల్లో నీటివాలు ఓడను తోసి ఉంటే ఆ తప్పు రేఖాంశంలో కూర్చుంటుంది.

మధ్యాహ్నం అయిన క్షణాన్ని గడియారంలో చూసుకుంటే రేఖాంశం కూడా వచ్చేస్తుంది కదా, పొద్దుటి శ్రమ ఎందుకు అని మీకు తోచవచ్చు. సిద్ధాంతం సరైనదే. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది గనుక నాలుగు సెకన్లకు ఒక కళ రేఖాంశం. చిక్కు ఏమిటంటే సూర్యుడు శిఖరానికి చేరాక కాసేపు అక్కడే వేలాడినట్టు ఉంటాడు. మన ఉదాహరణలో మధ్యాహ్నానికి రెండు నిమిషాల ముందుకూ ఆ క్షణానికీ ఎత్తులో తేడా కేవలం పావు కళ. ఊగే ఓడ మీద కంటికి అది అందదు. ఆ రెండు నిమిషాలే రేఖాంశంలో 30 కళలు, మైళ్లలో దాదాపు 29. అక్షాంశాన్ని అంత సునాయాసంగా ఇచ్చే ఆ నిదానమే రేఖాంశాన్ని ఇవ్వనివ్వదు. శిఖరానికి ముందు ఒక ఎత్తునూ, తరువాత మళ్లీ అదే ఎత్తునూ సూర్యుడు దాటిన సమయాలు చూసి సగం తీసుకునే పద్ధతి ఒకటుంది గానీ, ఆ మధ్యలో ఓడ ఉత్తరానికో దక్షిణానికో నడుస్తుంటే దానికీ సవరణ కావాలి.

గీత అన్న ఆలోచన ఎలా పుట్టిందో చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. 1837 నవంబరు 25న థామస్ సమ్నర్ అనే అమెరికన్ కెప్టెన్ చార్ల్స్‌టన్ రేవు నుంచి స్కాట్లండ్‌లోని గ్రీనక్‌కు బయల్దేరాడు. డిసెంబరు 17 ఉదయానికి ఐర్లండ్‌కూ వేల్స్‌కూ మధ్యనున్న ఇరుకు సముద్రం దగ్గర మబ్బులో, పెనుగాలిలో చిక్కాడు. ఒడ్డు ఎటుందో తెలియదు, చాలా రోజులుగా సూర్యుడి జాడ లేదు. పది గంటల ప్రాంతంలో మబ్బు చీలి సూర్యుడు కనిపించాడు, కొలిచాడు. ఆ కాలపు పద్ధతిలో రేఖాంశం కట్టాలంటే ముందు అక్షాంశం తెలియాలి, అదేమో అనుమానం. అందుకని అంచనా అక్షాంశంతో ఒకసారి, దానికి పది కళలు ఉత్తరంగా మరోసారి, ఇరవై కళలు ఉత్తరంగా ఇంకోసారి లెక్క కట్టి మూడు చుక్కలూ చార్టు మీద పెట్టాడు. మూడూ ఒకే వరసలో పడ్డాయి! ఆ వరసను పొడిగిస్తే స్మాల్స్ అనే దీపస్తంభం మీదుగా పోయింది. తన అక్షాంశం ఏదైనా కావచ్చు, ఓడ మాత్రం ఈ వరస మీదే ఉండాలని అతడికి అప్పుడు తట్టింది. ఆ వరస వెంటే తూర్పు ఈశాన్యంగా ఓడను నడిపితే గంట లోపే స్మాల్స్ దీపం దగ్గర్లో కనిపించింది. 1843లో దాన్ని పుస్తకంగా వేశాడు. తన చోటు తెలియకుండానే తన గీత తెలిసిన ఆ ఉదయాన్ని నేను ఎన్నిసార్లు తలచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

ఇక గడియారం. పొద్దుటి గీత నిజాయితీ అంతా దానిదే. నాలుగు సెకన్ల తప్పుకు ఒక కళ అంటే నిమిషం తప్పుకు 15 కళలు. రేఖాంశం కనుక్కునే దారి చూపినవారికి 20,000 పౌన్ల దాకా బహుమానం ఇస్తామని 1714లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేయడం వెనుక ఉన్న అవసరం ఇదే. జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు చేసిన నాలుగో గడియారం 1761–62లో జమైకా ప్రయాణంలో 81 రోజులకు ఐదు సెకన్ల పైచిలుకు మాత్రమే తేడా చూపింది. మా కాలానికి రేడియోలో టైమ్ సిగ్నల్ వినిపించేది. క్రోనోమీటర్ అనే ఓడ గడియారం రోజుకు ఎంత ముందుకో ఎంత వెనక్కో పోతోందో రోజూ పుస్తకంలో రాసేవాళ్లం. గడియారం తప్పడం కంటే దాన్ని చదివేవాడు తప్పడమే ఎక్కువ. నేను కొత్తగా బ్రిడ్జి ఎక్కిన రోజుల్లో ఒక ఉదయం సెకన్ల ముల్లు 48 మీద ఉంది, నిమిషాల ముల్లు పన్నెండును దాదాపు తాకుతోంది. మూడు గంటల సున్నా నిమిషాల 48 సెకన్లు అని రాశాను. అది రెండు గంటల 59 నిమిషాల 48 సెకన్లు. రేఖాంశం 15 కళలు పడమరకు జారింది. మా చీఫ్ ఆఫీసరు గారు కాకినాడ వారు, చార్టు మీద నా గీతను చూసి, "ఏమోయ్, రాత్రంతా ఓడను వెనక్కి నడిపారా?" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ప్రశ్న: ఏటా మే నెలలో మాకు మధ్యాహ్నం నీడ మాయమయ్యే రోజు ఒకటి వస్తుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే ఆ రోజుల్లో సముద్రం మీద ఉన్నవారు ఎత్తు ఎలా కొలుస్తారు? ఏ దిక్కుకు తిరిగి చూడాలి?
– ఒక ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: మంచి ప్రశ్న. మీ ఊళ్లో ఆ రోజు మే 10 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 2 ప్రాంతంలో మరోసారి వస్తుంది. చలిదేశాల సముద్రాల కోసం రాసిన పాఠాలు చదివి వచ్చిన కుర్రవాళ్లు మొదటిసారి మే నెల బంగాళాఖాతంలో తెల్లబోయేది ఇక్కడే. సూర్యుడు దాదాపు 90 డిగ్రీల ఎత్తున ఉంటే బింబాన్ని ఏ వైపు దించినా నీటి గీత దరిదాపులకే వస్తుంది. సెక్స్‌టంట్‌ను చేత్తో పట్టుకుని ఓడ చుట్టూ ఉన్న క్షితిజమంతా వెతుకుతూ, బింబం ఏ వైపున అన్నిటికంటే కిందికి దిగుతోందో కనిపెట్టాలి. మధ్యాహ్నానికి ముందు తూర్పు వైపుగా చూస్తున్నవారు కొద్ది నిమిషాల్లోనే పడమరకు తిరగవలసి వస్తుంది, ఆ తిరగడం ఉత్తరం మీదుగానా దక్షిణం మీదుగానా అన్నదే అక్షాంశాన్ని తేల్చేది.

అయితే కష్టం ఎంతో లాభమూ అంత. సూర్యుడి పాదం ఓడకు దగ్గరగా ఉందంటే వలయం చిన్నదైపోతుంది, చార్టు మీద వృత్తలేఖినితోనే గీసేయవచ్చు. లెక్కతో చెబుతాను. మే 10న సూర్యుడి పాదం 17°35′ ఉత్తర అక్షాంశం వెంట పడమరగా పరుగెడుతోంది. ఆ అక్షాంశం దగ్గర దాని వేగం నిమిషానికి 14 మైళ్ల పైన. ఓడ కాకినాడకు తూర్పున నడిసముద్రంలో, 16°55′ అక్షాంశంలో ఉందనుకోండి, అంటే ఆ దారికి 40 మైళ్లు దక్షిణంగా. సరిగ్గా మధ్యాహ్నం వేళ పాదం మనకు ఉత్తరాన 40 మైళ్ల దూరంలో ఉంటుంది. అంతకు నాలుగు నిమిషాల ముందు అది ఈశాన్య దిక్కున 70 మైళ్ల దూరంలో, నాలుగు నిమిషాల తరువాత వాయవ్యాన మళ్లీ 70 మైళ్ల దూరంలో. ఈ మూడు సమయాల్లో మూడు కొలతలు తీసి, మూడు పాదాల చుట్టూ మూడు వలయాలు గీస్తే అవి ఒకేచోట కలుసుకుంటాయి. మామూలు రోజున గీతకూ గీతకూ మధ్య మూడు గంటలు ఆగవలసి వచ్చేది, ఈ రోజు ఎనిమిది నిమిషాల్లో అక్షాంశమూ రేఖాంశమూ రెండూ చేతికి వచ్చాయి. మధ్యలో ఓడ నడిచింది రెండు మైళ్లే కాబట్టి అంచనా తప్పులకూ చోటు లేదు. ఒక చిన్న జాగ్రత్త: ఎనిమిది నిమిషాల్లో మూడు కొలతలంటే చేయి తిరిగినవారికి తప్ప కుదరదు. నేను మొదటిసారి చేసినప్పుడు మూడో కొలతకు రంగుటద్దం మార్చుకునే లోపే సూర్యుడు దాటిపోయాడు.

ప్రశ్న: మా అబ్బాయి నౌకాయాన శిక్షణలో ఉన్నాడు. జి.పి.ఎస్. ఉండగా ఈ సెక్స్‌టంట్ లెక్కలతో వాళ్లను ఇంకా ఎందుకు సతాయిస్తున్నారు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: సతాయింపు అనుకుంటే సతాయింపే. ఓడల అధికారుల శిక్షణకు ప్రపంచమంతా పాటించే 1978 నాటి ఎస్.టి.సి.డబ్ల్యు. ఒప్పందం, తరువాత ఎన్ని సవరణలు వచ్చినా, సూర్యుడూ నక్షత్రాలతో ఓడ చోటు కనుక్కోగలగడాన్ని వాచ్ కీపింగ్ అధికారి, అంటే వంతుల ప్రకారం ఓడ నడకను కనిపెట్టుకునే అధికారి, నేర్వవలసిన పనుల్లో ఉంచింది. కాబట్టి పరీక్షకు తప్పదు. జి.పి.ఎస్. సంకేతం చాలా బలహీనమైనది, దాన్ని నొక్కేయవచ్చు, దాని స్థానంలో దొంగ సంకేతం పంపవచ్చు. 2017 జూన్‌లో నల్లసముద్రంలో నొవొరోసిస్క్ రేవు దగ్గర ఉన్న ఒక ఓడకు తాను ఒడ్డు మీద విమానాశ్రయంలో ఉన్నట్టు కనిపించింది. చుట్టుపక్కల ఓడలదీ అదే గతి. అమెరికా నౌకాదళ విద్యాలయం ఎత్తేసిన ఈ పాఠాన్ని 2015లో మళ్లీ మొదలుపెట్టింది.

మీ అబ్బాయికి ఉత్సాహం కావాలంటే అభిలాష్ టామీ గురించి చెప్పండి. గోల్డెన్ గ్లోబ్ రేస్ అనే పందెంలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా తెరచాప పడవలో భూమి చుట్టి రావాలి. దారి తెలుసుకోవడానికి సెక్స్‌టంట్, కాగితపు చార్టులే దిక్కు, జి.పి.ఎస్. వాడకూడదు. 2018 పందెంలో తెరస్తంభం విరిగి, నడుముకు దెబ్బ తగిలి, దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి రక్షణ బృందాలు బయటికి తెచ్చిన ఈ మాజీ నౌకాదళాధికారి, 2022 సెప్టెంబరులో మళ్లీ బయల్దేరి 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో పూర్తి చేశారు. పెద్ద ఓడ బ్రిడ్జి మీద నిలబడి తీసిన కొలతలో ఒకటి రెండు మైళ్ల తేడా వస్తుంది. అలలు నెత్తిన పడే చిన్న పడవలో క్షితిజమే ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనిపించదు. అక్కడ ఐదు మైళ్ల లోపు వస్తే నేనైతే శభాష్ అంటాను.

ప్రశ్న: సెక్స్‌టంట్ లేకుండా ఇంటి డాబా మీద ఇదేమైనా ప్రయత్నించవచ్చా?
– పదో తరగతి విద్యార్థిని, హైదరాబాదు

జవాబు: భేషుగ్గా. సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు, నీడను చూడు. మన పూర్వులు శంకువు నాటి చేసిన పని ఇదే. చదునైన నేల మీద మీటరు పొడవు కర్రను మట్టపు దారం సాయంతో నిటారుగా నిలబెట్టు. కర్ర మొదలు చుట్టూ ఒక వృత్తం గియ్యి. ఉదయం నీడ కొన ఆ వృత్తాన్ని తాకిన సమయం, మధ్యాహ్నం తరువాత మళ్లీ తాకిన సమయం రాసుకుంటే, వాటికి సరిగ్గా నడుమ ఉన్నదే మీ డాబా మీద మధ్యాహ్నం. కదలని డాబాకు ఓడకు కావలసిన సవరణ అక్కర్లేదు.

భారత కాలమానం 82°30′ తూర్పు రేఖాంశానిది; అది మన కాకినాడ దగ్గరగా పోతుంది. ఫిబ్రవరి 10న చేశావనుకో. ఆ రోజుల్లో సూర్యుడు గడియారం కంటే 14 నిమిషాల 14 సెకన్లు ఆలస్యంగా నడుస్తాడు గనుక ఆ రేఖ మీద మధ్యాహ్నం 12 గంటల 14 నిమిషాల 14 సెకన్లకు అవుతుంది. మీ దగ్గర 12 గంటల 30 నిమిషాల 22 సెకన్లకు అయిందంటే తేడా 16 నిమిషాల 8 సెకన్లు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 4°02′ పడమర. 82°30′లోంచి తీసేస్తే 78°28′, హైదరాబాదు రేఖాంశం. అక్షాంశానికి మధ్యాహ్నపు నీడ పొడవు కొలువు. మీటరు కర్రకు దాదాపు 62 సెంటీమీటర్లు వస్తుంది. త్రికోణమితి పట్టికలో టాన్ విలువ 0.62కు సరిపోయే కోణం 31°48′, అందులోంచి క్రాంతి 14°24′ తీసేస్తే 17°24′. కర్ర నిటారుగా ఉందో లేదో రెండుసార్లు చూసుకో, నీడ కొన మసకగా ఉంటుంది గనుక దాని అంచును ఎక్కడ పట్టుకుంటున్నావో ప్రతిసారీ ఒకేలా పట్టుకో. ఒక్క సెంటీమీటరు ఎక్కువ కొలిచావా, అక్షాంశం 25 కళలు పెరిగి, మీ డాబా ఉత్తరంగా 46 కిలోమీటర్లు జరిగి తూప్రాన్ దరిదాపుల్లో తేలుతుంది.